గీత దగ్గర నిలబడ్డ మనిషి

తెల్లవారుజామున అయిదింటికి ఏ జిల్లా కేంద్రంలోనైనా ప్రభుత్వ కాలేజీ గ్రౌండుకు వెళ్లి చూడండి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన ఏడాదైతే అక్కడ కాలు పెట్టే చోటుండదు. ఉత్తి కాళ్లతో పరుగెత్తేవాళ్లు, ఒకే బూట్ల జతను వంతులవారీగా తొడుక్కునేవాళ్లు, సున్నంతో గీసిన గీత దగ్గర ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని ‘ఇంకొక్క రౌండే, ఆగొద్దురా’ అని అరిచేవాడొకడు. తెలంగాణలో 2022 నియామకాలప్పుడు మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చెయ్యాల్సి వచ్చింది. వాళ్ల భాషలో వీటి పేరు ‘ఈవెంట్స్’. నెలల తరబడి ఒక్కరోజు తప్పకుండా పరుగెత్తిన ఆ పిల్లల్లో చాలామంది ఈవెంట్స్ అయిపోయిన మరుసటి వారం నుంచి గ్రౌండుకు రారు. ఒళ్లు అదే, గ్రౌండు అదే, పొద్దు పొడిచే వేళా అదే. లేనిదల్లా గీత దగ్గర అరిచేవాడు, పక్కన పరుగెత్తే నలుగురు, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక తేదీ.

పద్దెనిమిదికీ ముప్ఫైకీ మధ్య వయసువాళ్లు వ్యాయామం చేస్తారా మానేస్తారా అన్నదాన్ని మనం వాళ్ల పట్టుదల ఖాతాలో రాస్తాం. చేస్తే మెచ్చుకుంటాం, మానేస్తే బద్ధకమంటాం. ఈ విషయం మీద నూట పాతికేళ్లుగా పోగుపడిన పరిశోధనను వరసగా చదువుకుంటూ పోతే ఆ ఖాతాలో సగం పేర్లు పక్కవాళ్లవని తేలుతుంది. ఎవరు పక్కన ఉంటే కాళ్లు కదులుతాయి, ఎవరు ఉంటే ఆగిపోతాయి, ఎవరి మాట అసలు చెవికెక్కదు అన్నవి విడివిడిగా చూడాల్సిన సంగతులు.

ముందు సమస్య ఎంత పెద్దదో చూద్దాం. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతోనో, 75 నిమిషాలు గట్టి శ్రమతోనో ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 31 శాతం పెద్దలు, అంటే దాదాపు 180 కోట్ల మంది, ఆ మాత్రం కూడా కదలడం లేదు. మన దేశంలో అది దాదాపు సగం. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. అంతకు పదేళ్ల ముందు భారత వైద్య పరిశోధన మండలి నాలుగు ప్రాంతాల్లో జరిపిన సర్వేలో ఇంకో సంగతి బయటపడింది. పనిలో భాగంగా కాకుండా, కావాలని తీరిక వేళ ఆటో వ్యాయామమో చేసేవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. పొలం, బావి, సైకిలు ఉన్నన్నాళ్లు ఒంటికి శ్రమ దానంతటదే దొరికేది. అవి పోయాక శ్రమను వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. వెతుక్కుంటూ వెళ్లే పని ఒక్కడివల్ల ఎక్కువ రోజులు సాగదు.

ఈ పరిశోధనకు మొదటి మెట్టు 1898లో పడింది. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన నార్మన్ ట్రిప్లెట్ సైకిలు పందేల రికార్డులు తిరగేస్తుంటే ఒంటరిగా గడియారంతో పోటీపడే వాళ్లకన్నా పక్కన ఇంకొకరుండగా తొక్కేవాళ్లు వేగంగా పోతున్నట్టు కనిపించింది. పిల్లల చేతికి చేపల గాలపు చక్రాలిచ్చి తిప్పించి చూశాడు. పక్కన ఇంకో పిల్లవాడుంటే సగంమంది ఇంకా జోరుగా తిప్పారు. అక్కడితో ఆగితే కథ తేలికే. కానీ 1965లో రాబర్ట్ జాయన్స్ దీనికి ఒక మెలిక కలిపాడు. పక్కవాళ్ల ఉనికి బాగా వచ్చిన పనిని మెరుగుపరుస్తుంది, ఇంకా చేతికి రాని పనిని పాడుచేస్తుంది అన్నాడు. మొదటిసారి జిమ్‌లో అడుగుపెట్టిన కుర్రవాణ్ణి గుర్తుచేసుకుంటే ఈ మెలిక ఎంత నిజమో తెలుస్తుంది. చుట్టూ అద్దాలు, పక్కన కండలు తిరిగినవాళ్లు, చేతిలో ఖాళీ రాడ్డు. అది కూడా వణుకుతుంటుంది. నెల ఫీజు కట్టి వారానికే మానేసినవాళ్లలో చాలామందిని బరువు తరమలేదు, చూపులు తరిమాయి. పాతవాళ్లకు ఊపునిచ్చే ఆ హాలే కొత్తవాడికి గండం.

ఆ తర్వాతి మెట్టు నాకు చాలా ఇష్టమైనది. 1920లలో జర్మనీలో ఒట్టో కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పడవ నడిపే క్లబ్బు సభ్యుల చేత బరువులెత్తించాడు. ఇద్దరు కలిసి ఎత్తే పనిలో బలహీనుడు విడిగా చేసినదానికన్నా ఎక్కువ చేశాడు. తనవల్ల జత ఓడిపోకూడదన్న తపన అది. ఎనభై ఏళ్లు దాటాక మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డెబొరా ఫెల్ట్జ్ బృందం ఆ తపనను వ్యాయామ సైకిళ్ల మీద కొలిచింది. 2012లో వచ్చిన ఫలితాల్లో ఒంటరిగా తొక్కిన యువతులు సగటున పదిన్నర నిమిషాలకు దిగిపోయారు. తెర మీద ఇంకో అమ్మాయి కూడా తొక్కుతూ కనిపించినప్పుడు దాదాపు ఇరవై నిమిషాలు తొక్కారు. ‘ముందు ఎవరు దిగితే అదే జట్టు లెక్క’ అన్నప్పుడు దాదాపు ఇరవై రెండు నిమిషాలు. తెర మీది అమ్మాయి ముందే చిత్రించి పెట్టిన వీడియో మాత్రమేనని వాళ్లకు తెలియదు. ఆమె తమకన్నా కొంచెం మెరుగని మాత్రమే చెప్పారు. ఆ ‘కొంచెం’ దగ్గరే కీలకమంతా ఉంది. మరీ అందనంత ఎత్తులో ఉన్నవాళ్లను చూసి మనిషి ప్రయత్నం పెంచడు. చెయ్యి చాస్తే అందేలా ఉన్నవాళ్లను చూసే పెంచుతాడు.

ప్రయోగశాలలోని ఇరవై నిమిషాలు ఒక మాట, ఏళ్ల తరబడి అలవాటు ఇంకో మాట. అలవాటు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని చెప్పడం చాలా కష్టమైన పని. 2007లో నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అనే ఇద్దరు, అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో దశాబ్దాలుగా నమోదైన 12,067 మంది వివరాలు పరిశీలించి, స్నేహితుడు లావైతే మనమూ లావయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందన్నారు. పత్రికలన్నీ ఎత్తుకున్నాయి. మరుసటి ఏడాదే ఇద్దరు ఆర్థికవేత్తలు అదే తరహా లెక్కతో మొటిమలు, తలనొప్పి, చివరికి ఎత్తు కూడా స్నేహితుల మధ్య ‘అంటుకుంటున్నట్టు’ చూపించారు. ఎత్తు అంటుకోదని అందరికీ తెలుసు. అంటే లెక్కలోనే లొసుగుంది. ఒకే రకం మనుషులు ఏరికోరి స్నేహితులవుతారు. ఒకే వీధిలో ఉంటారు, ఒకే పార్కు వాళ్లకుంటుంది లేదా ఉండదు. ఇద్దరూ జిమ్‌కు వెళ్తున్నారంటే ఒకరు ఇంకొకర్ని లాక్కెళ్లారనే అర్థం రాదు, జిమ్‌కు వెళ్లేవాళ్లు కాబట్టే స్నేహితులై ఉండొచ్చు. ఈ విషయం మీద వచ్చే ఏ వ్యాసం చదివినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఈ లొసుగును దాటిన అధ్యయనాలు రెండున్నాయి. మొదటిది అమెరికా వైమానిక దళ అకాడమీలో జరిగింది. అక్కడ కొత్తగా చేరినవాళ్లను ఏ దళంలో వెయ్యాలో సంస్థే నిర్ణయిస్తుంది, స్నేహితుల్ని ఎంచుకునే వీలు లేదు. హైస్కూల్లో ఉన్నప్పటి దేహదారుఢ్యపు మార్కులు ముందే నమోదై ఉంటాయి. స్కాట్ కారెల్, మార్క్ హోక్‌స్ట్రా, జేమ్స్ వెస్ట్ 2011లో తేల్చిందేమంటే, నీరసంగా వచ్చిన తోటివాళ్లు ఎక్కువున్న దళంలో పడ్డవాళ్ల దారుఢ్యం తగ్గింది. అందరికన్నా వెనకబడ్డవాళ్ల ప్రభావమే అందరికన్నా ఎక్కువ. రోజూ కసరత్తు తప్పనిసరైన సైనిక అకాడమీలోనే ఇలా ఉంటే హాస్టల్ గదుల మాట చెప్పక్కర్లేదు.

రెండోది 2017 నాటిది. సినాన్ అరాల్, క్రిస్టోస్ నికొలైడెస్ దాదాపు పదకొండు లక్షలమంది పరుగు ప్రియుల అయిదేళ్ల రికార్డులు తీసుకున్నారు. స్నేహం వేరు, ప్రభావం వేరు అని విడగొట్టడానికి వాళ్లు పట్టుకున్న ఉపాయం వాన. ఒక ఊళ్లో వాన పడితే అక్కడి స్నేహితుడు తక్కువ పరుగెత్తుతాడు. ఎండ కాస్తున్న ఇంకో ఊళ్లోని మనిషి ఆ రోజు తానూ తగ్గిస్తే అది కచ్చితంగా స్నేహితుడి ప్రభావమే. స్నేహితుడు అదనంగా పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకు మనిషి సుమారు 300 మీటర్లు అదనంగా పరుగెత్తాడు. ఎక్కువ పరుగెత్తేవాళ్లను చూసి తక్కువ పరుగెత్తేవాళ్లు పెద్దగా కదల్లేదు. వెనక ఉన్నవాడు దగ్గరికొస్తుంటే ముందున్నవాడే వేగం పెంచాడు. మగవాళ్లు ఆడా మగా ఇద్దర్నీ చూసి కదిలారు. ఆడవాళ్లు మాత్రం ఆడవాళ్లను చూసే కదిలారు.

చూడబోతే ఇవి ఒకదానికొకటి ఎదురు నిలుస్తున్నాయి. కోలర్ జంటలో వెనకవాడు ముందువాణ్ణి చూసి పెంచాడు, అరాల్ లెక్కలో ముందువాడు వెనకవాణ్ణి చూసి పెంచాడు, అకాడమీలో వెనకవాళ్లు అందర్నీ కిందికి లాగారు. వీటిని కలిపే దారం నాకు ఒకటే కనిపిస్తోంది. ఇద్దరిదీ ఒకే లెక్కయితే, ‘నావల్ల చెడకూడదు’ అన్న బాధ్యత బలహీనుణ్ణి లేపుతుంది. ఎవరి లెక్క వాళ్లదైతే, వెనకబడతానన్న భయం బలవంతుణ్ణి పరుగెత్తిస్తుంది. లెక్కే లేకుండా కలిసి కూర్చునే చోట, సౌకర్యం ఎటుంటే గుంపు అటు జారుతుంది. కాబట్టి స్నేహితులున్నారా అన్నది సగం ప్రశ్నే. ఆ స్నేహంలో కదలికకు లెక్క ఉందా అన్నది మిగతా సగం.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డేమన్ సెంటోలా బృందం చేసిన ప్రయోగం ఈ మాటను బలపరుస్తుంది. 790 మంది విద్యార్థుల్ని పదకొండు వారాల వ్యాయామ తరగతుల్లో చేర్చారు. కొందరికి ఒకరినొకరు ఉత్సాహపరుచుకునే ఆన్‌లైన్ బృందాలు, కొందరికి తోటివాళ్ల హాజరు కనిపించే పోటీ పట్టికలు, కొందరికి ఏమీ లేవు. పోటీ ఉన్నచోట తరగతుల హాజరు దాదాపు 90 శాతం పెరిగింది. ఉత్సాహపరిచే మాటలే తప్ప పోటీ లేని బృందాలు ఏమీ లేనివాళ్లకన్నా మెరుగు కాలేదు. ఒకరినొకరు ఓదార్చుకునే గుంపులో రానివాళ్లే కొలబద్దయ్యారు, పట్టికలో వచ్చేవాళ్లు కొలబద్దయ్యారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘రేపటి నుంచి వాకింగ్’ అన్న మాట కింద బొటనవేలి బొమ్మలు పడుతూనే ఉంటాయి, పొద్దున మాత్రం ఎవరూ దిగరు. ఆ గ్రూపుల్లో మాట తప్ప లెక్క లేదు. అలాగని దేన్నీ అతిగా నమ్మకూడదు. 2021లో కేథరిన్ మిల్క్‌మన్ నాయకత్వంలో అమెరికాలో 61,293 మంది జిమ్ సభ్యుల మీద 54 రకాల నాలుగు వారాల కార్యక్రమాలు పరీక్షించారు. వాటిలో 45 శాతం హాజరును 9 నుంచి 27 శాతం దాకా పెంచాయి. నాలుగు వారాలు దాటాక కూడా ప్రభావం కనిపించినవి 8 శాతమే. ఈవెంట్స్ అయ్యాక ఖాళీ అయ్యే మన గ్రౌండే అక్కడా కనిపిస్తుంది.

ఇంట్లో పెద్దల మాట ఎంత పని చేస్తుంది? ‘నేను వ్యాయామం చెయ్యాలని నావాళ్లు అనుకుంటున్నారు’ అన్న భావన వ్యాయామాన్ని ఎంతవరకు ముందే చెప్పగలదో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, మిగతా కారణాల ముందు అది చాలా తక్కువ. ‘పొద్దున్నే లేచి నడవరా’ అని రోజూ అనే తండ్రికన్నా, ఏమీ అనకుండా చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడే తండ్రి ఎక్కువ పని చేస్తాడన్నమాట.

మన దగ్గర కథ పద్దెనిమిదేళ్లకు ముందే మొదలవుతుంది. బడిలో పీటీ పీరియడ్ లెక్కల మాస్టారికి వెళ్లిపోతుంది. పదో తరగతి అవగానే లక్షలాదిమంది పిల్లలు ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్తారు. వాటిలో చాలావాటికి ఆటస్థలమే ఉండదు. తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బెంచీ మీదే. రెండేళ్లపాటు పక్కన కూర్చున్న అరవైమందీ కదలకుండా ఉంటే కదలకపోవడమే మర్యాద అవుతుంది, ఆడేవాడు చెడిపోయినవాడవుతాడు. నా దృష్టిలో మన యువత వ్యాయామపు అలవాటుకు తగిలిన అతి పెద్ద దెబ్బ ఇదే. ఫోన్లనూ బిర్యానీనీ తిట్టడం తేలిక. రెండు రాష్ట్రాల్లో తల్లిదండ్రులంతా కలిసి ఒప్పుకున్న ఈ రెండేళ్ల ఏర్పాటు గురించి మాట్లాడటం కష్టం.

ఆ రెండేళ్ల తర్వాత ఇంజనీరింగ్ హాస్టల్. ఇక్కడ దారి చాలావరకు రూమ్మేట్ మీద ఆధారపడుతుంది. ఒక గదిలో ఒకడు సాయంత్రం షటిల్ బ్యాటు పట్టుకుంటే మిగతా ముగ్గురూ తలుపు దాటుతారు. జిమ్ మొదలుపెట్టేవాళ్లూ అంతే, ఇద్దరుగా మొదలుపెడతారు. బెంచ్ ప్రెస్‌కు వెనక నిలబడి రాడ్డు పట్టుకునేవాడు ఒకడుండాలి కాబట్టి జిమ్‌లో జోడీ పనికొచ్చే జోడీ. ఒకడికి ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్తే రెండోవాడు నెలలోపు మానేస్తాడు. అమెరికా వెళ్లే మన పిల్లల్లో చాలామందికి అక్కడి యూనివర్సిటీ వ్యాయామశాలలోనే మొదటిసారి చదువూ ఆటా ఒకే ఆవరణలో కనిపిస్తాయి. అక్కడా వాళ్లను తీసుకెళ్లేది సీనియరే.

సినిమా సంగతి. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్‌తో కనిపించాక చిన్న ఊళ్ల జిమ్ గోడల మీద బొమ్మలు మారాయి. అలాంటి దేహం యువకుణ్ణి జిమ్ గుమ్మం దాకా తీసుకొస్తుందనడంలో సందేహం లేదు. అక్కడ నిలబెడుతుందా? ఆస్ట్రేలియాలో మారికా టిగ్గెమన్ 2015లో యువతులకు సామాజిక మాధ్యమాల్లోని ‘ఫిట్’ దేహాల ఫొటోలు చూపించింది. చూశాక స్ఫూర్తి కలిగిందన్నారు, తమ ఒంటి మీద అసంతృప్తీ దిగులూ కూడా పెరిగాయి. తర్వాతి ప్రయోగాల్లో అలాంటి ఫొటోలు చూపించి ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే, చూసినవాళ్లు చూడనివాళ్లకన్నా ఎక్కువేమీ నడవలేదు. అందని ఎత్తు గురించి పైన అన్న మాటే ఇక్కడా నిలుస్తుంది. పైగా నెల తిరిగేసరికి కండ కనిపించాలన్న తొందర సప్లిమెంట్ డబ్బాల వైపూ, ఇంజెక్షన్ల వైపూ నడిపించే ప్రమాదముంది. తెరే వెనక్కి లాగే సందర్భాలూ ఉన్నాయి. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ నలభై ఆరేళ్లకే గుండె ఆగి చనిపోయాక ఎన్నో ఇళ్లలో ‘జిమ్ వద్దు’ అన్నారు. జిమ్‌లో కుప్పకూలిన వాళ్ల వీడియో వచ్చినప్పుడల్లా ఆ మాట మళ్లీ లేస్తుంది. డాక్టరుకు చూపించుకుని, మెల్లగా బరువు పెంచమని చెప్పాల్సిన చోట అసలే మానమనడం పొరపాటు.

తెర మీది హీరోకీ, ఊరిలోని అక్కకూ ఉన్న తేడా చూడాలంటే ఉత్తరాంధ్రకు వెళ్లాలి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు, తాలింఖానాలు, సాముగరిడీలు అక్కడి ఊళ్ల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగింది. అక్కచెల్లెళ్లూ బరువులెత్తిన ఇల్లది. ఊళ్లోనే నీలంశెట్టి అప్పన్న నేర్పే వ్యాయామశాల ఉండేది. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆ ఊళ్లో బరువులెత్తడం ఒక అమ్మాయి సాహసంగా మిగల్లేదు, ఊరి పనైంది. ఆడవాళ్లు ఆడవాళ్లను చూసే కదులుతారని పదకొండు లక్షలమంది లెక్క చెప్పిన మాట, ఎదురింటి అక్క రాడ్డెత్తుతుంటే చూసి పెరిగిన పిల్లకు ఎప్పుడో తెలుసు.

మిగతా చోట్ల అమ్మాయిల పరిస్థితి ఇంత తేలిక కాదు. 57కూ 42కూ మధ్య ఉన్న ఆ పదిహేను శాతం తేడా వెనక వీధి దీపాలున్నాయి, వెంటపడే బైకులున్నాయి, ట్రాక్‌ప్యాంటు వేసుకుంటే అడ్డంగా చూసే పక్కింటివాళ్లున్నారు, పొద్దున్నే వంటింట్లో చెయ్యందించాల్సిన పనులున్నాయి. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఆడవాళ్ల వ్యాయామం తగ్గుతుందని చాలా దేశాల అధ్యయనాలు చూపాయి. మన దగ్గర తగ్గడానికి ముందు మొదలవ్వాలి. హైదరాబాదులో కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీద ఉదయం పూట యువతులు ధీమాగా పరుగెత్తుతుంటారు. పదిమంది కనిపించేచోటికి పదకొండో ఆమె వస్తుంది. మండల కేంద్రంలో ఆ మొదటి పదిమంది లేరు.

కానీ అక్కడే సాయంత్రం గుడి దగ్గర కోలాటం బృందం గంటన్నరసేపు ఆగకుండా ఆడుతుంది. చీరకొంగు బిగించి, గురువు వేసే తాళానికి ముప్ఫైమంది ఒకేసారి వంగి లేస్తారు. దాన్ని ఎవరూ వ్యాయామమనరు కాబట్టే ఎవరూ అడ్డు చెప్పరు. బతుకమ్మ వలయం కూడా అలాంటిదే, ఏడాదికి తొమ్మిది రోజులే అయినా. ఆక్స్‌ఫర్డ్‌లో పడవ జట్టు కుర్రాళ్లను పరీక్షిస్తే, ఒంటరిగా తెడ్డు వేసినప్పటికన్నా ఒకే లయలో కలిసి వేసినప్పుడు నొప్పి ఓర్చుకునే శక్తి ఎక్కువగా తేలింది. కోలాటం ఆడే అమ్మాయి అలసట తెలియలేదంటే ఆ మాట వెనక ఒంటి సాక్ష్యమే ఉంది. ఓపెన్ జిమ్ పేరుతో పార్కుల్లో ఇనుప యంత్రాలు పాతిపెట్టే ఖర్చులో కొంత ఈ బృందాలకు మంచి నేల, వెలుతురు, మరుగుదొడ్డి ఇవ్వడానికి వాడితే ఎక్కువమంది యువతులు కదులుతారని నా నమ్మకం. యంత్రం ఎవరికోసమూ ఎదురుచూడదు, బృందం చూస్తుంది.

మళ్లీ మొదటి గ్రౌండుకే వస్తాను. 800 మీటర్ల సాధనకు వచ్చే అమ్మాయిల్లో చాలామందిని దింపేది తండ్రో అన్నో. గేటు పక్కన బైకుకు స్టాండు వేసి, తువ్వాలు చెవుల చుట్టూ కప్పుకుని, కూతురు ఆరో రౌండు ముగించేదాకా ఆ చలిలో కూర్చుంటాడు. ఊళ్లో ఎవరైనా ‘ఆడపిల్లకు ఈ పరుగులేంటి’ అంటే జవాబు జేబులో ఉంటుంది, నోటిఫికేషన్. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ కాగితానికి గడువు తీరిపోతుంది. మరుసటి సోమవారం ఆమెకు అయిదింటికి మెలకువ వస్తుంది. బైకు తాళం మేకుకే వేలాడుతుంటుంది.